ఐరేని కుండలు, తెల్ల డబ్బాలు

మా పెరట్లో ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. డయాలసిస్ మిషన్‌కు పెట్టే ద్రావణం అలాంటి డబ్బాల్లో వస్తుంది. పై భాగం కోసి, మట్టి నింపి, అందులో కరివేపాకు మొక్క పెట్టాను. డబ్బా చుట్టూ నల్ల మార్కర్‌తో గీసిన తీగ ఒకటి పాకుతుంది. ఆకులు, మొగ్గలు, నడుమ చుక్కలు. చాలా దూరం చక్కగా పోయి, ఒకచోట ఉన్నట్టుండి వంకరలు తిరిగి ఆగిపోతుంది. చూసినవాళ్ళు, "పెద్దవాళ్ళు గీసిందాన్ని చివర్లో పిల్లలు పాడుచేసినట్టున్నారు" అంటారు. రెండూ గీసింది ఒకే మనిషి అంటే, ఎందుకలా అని అడుగుతారు. అప్పుడు మొత్తం చెప్పాలి. అందుకని నవ్వి ఊరుకుంటాను.

ఈ మధ్య డయాలసిస్ గదిలో కొత్తగా చేరిన ఇద్దరు నర్సు అమ్మాయిలు నన్ను చూడడానికి వచ్చారు. వాళ్ళూ అదే మాట అన్నారు, నేనూ అలాగే నవ్వాను. వాళ్ళు వెళ్ళిపోయాక, ఈ సంగతి తెలియాల్సింది వాళ్ళకే కదా అనిపించింది. అందుకే రాస్తున్నాను.

నా నర్సు ఉద్యోగంలో చివరి ఏళ్ళు ఆర్మూరు దవాఖానలో డయాలసిస్ గదిలో గడిచాయి. ఆ తీగ గీసినామె అక్కడికి వారానికి మూడుసార్లు వచ్చేది. పోయి రెండేళ్ళయింది. ఆమె కోసం ఏర్పాటు చేసిన సంతాప సభలో ఒకాయన మైకు పట్టుకుని, రోగంతో పోరాడిన వీరవనిత అన్నాడు. వెనక వరుసలో కూర్చున్న నాకు ఆ మాట ఎవరి గురించో అర్థం కాలేదు. ఆమె నాకు తెలిసినంతలో పెండ్లి కుండలకు బొమ్మలు వేసేది, వేయని రోజుల్లో డయాలసిస్‌కు వచ్చేది. సూదికి భయపడేది. నీళ్ళు కొలిచి తాగాలంటే దాహానికి ఏడ్చేది. మాకు దొరకకుండా ఐసుముక్కలు చప్పరించేది. తన గురించి ఎవరైనా మైకులో మాట్లాడితే తప్పకుండా నవ్వి ఉండేది.

ముందు కొంచెం పని గురించి చెప్పాలి. డయాలసిస్ కావాల్సిన మనిషికి చేతిలో ఒక ధమనిని పక్కనున్న సిరతో కలిపి కుడతారు. కొన్ని వారాలకు ఆ సిర లావెక్కి పెద్ద సూదులకు పనికొస్తుంది. దాన్ని ఫిస్టులా అంటాం. వేలు ఆనించి చూస్తే లోపల జుమ్మని మోగుతుంటుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. దాన్ని తలకింద పెట్టుకుని పడుకోకూడదు. మిషన్ మీద ఉన్న నాలుగు గంటలూ దాన్ని కదపకూడదు. అందుకని ఎక్కువ పనిచేయని చేతికే పెడతారు. ఆపరేషన్‌కు ముందు రోగిని నీది ఏ చేతివాటం అని అడగాలి. మన దగ్గర ఆ ప్రశ్న ఎలా అడుగుతారో మీకు తెలుసు. "ఏ చేత్తోని తింటవమ్మా?" అంటారు. ఈ ప్రశ్నకు మన దగ్గర ఒకటే జవాబు. పైగా ఆమెను అడిగినప్పుడు పక్కన అత్త ఉంది. "కుడి చేత్తోనే సారు, మా ఇంట్ల అందరం కుడి చేత్తోనే" అని జవాబు కూడా ఆమే చెప్పింది.

హైదరాబాద్‌లో ఎడమచేతికి ఫిస్టులా పెట్టించుకుని, ఆ చేతిని కొంగు కింద దాచుకుని, ఆమె మా దగ్గరికి వచ్చింది. ముప్ఫై దాటిన మనిషి. మాటకు ముందు నవ్వు వచ్చేది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఇంట్లో మామ సారె మీద కుండలు చేస్తాడు, ఈమె రంగులు వేస్తుంది. వెంట వచ్చే అత్త గది బయట బెంచీ మీద కూర్చుని, తువ్వాలలో చుట్టి తెచ్చుకున్న బీడీ ఆకు కత్తిరించుకునేది. ఎవరైనా పలకరిస్తే తిట్టేది, పలకరించకపోతే ఇంకా తిట్టేది.

ఐరేని కుండల గురించి మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. పెండ్లికి ముందు పెండ్లివారు బాజాలతో కుమ్మరి ఇంటికి పోయి, బియ్యం, బట్టలు పెట్టి, రంగులు వేసిన కుండలను నెత్తిన పెట్టుకుని తెచ్చుకుంటారు. తెల్ల సున్నం మీద జాజు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. తీగలు, చిలుకలు, చుక్కలు. ఆ కుండలు ఇంట్లోకి వస్తేగాని పెండ్లి మొదలైనట్టు కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఈ ఇంటి కుండలకు మంచి పేరు. ఇంకో సంగతికి కూడా పేరు. రంగులు వేసేటప్పుడు ఆ ఇంటి తలుపు మూసి ఉంటుంది. దిష్టి తగులుతుందని, వేస్తుండగా ఎవరూ చూడరాదని అత్త చెప్పేది. అది చూసి పక్క వీధి కుమ్మరివాళ్ళు కూడా తలుపు వేసుకోవడం మొదలుపెట్టారట.

ఆమె పక్క మంచం ఒక పసుపు రైతుది. అందరం పటేల్ అనేవాళ్ళం. అంకాపూర్ వైపు మనిషి. శకునాలు, వారాలు, వర్జ్యాలు బాగా చూసేవాడు. ఎడమ పక్క నుంచి సూది గుచ్చితే ఆ రోజు బీపీ పడిపోతుందని నమ్మేవాడు. మా టెక్నీషియన్‌కు ఆయన వచ్చినప్పుడల్లా తగాదా. ఈ టెక్నీషియన్ నవీపేట నుంచి బస్సులో వచ్చేవాడు, నోరు ఆగే మనిషి కాదు.

"పటేలా, నీ కుడి చెయ్యి ఇడిసిపెట్టి ఎడమ చెయ్యికే ఫిస్టులా వెట్టిండ్రు గదా. ఇగ సూది నడిమిట్లకెంచి గుచ్చాల్నా?" అనేవాడు.

"గుచ్చు, గుచ్చు. నీ పెండ్లి గూడ అమాస నాడైనట్టున్నది. అందుకే గట్ల మాట్లాడుతున్నవ్."

"మంచి ముహూర్తంలనే అయింది పటేలా. అయినా గిట్లనే ఉన్న."

ఆమె పక్క మంచంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒకరోజు పటేల్ ఆమె ఏ ఇంటి కోడలో ఆరా తీసి లేచి కూర్చోబోయాడు. మిషన్ అలారం మోగింది.

"నువ్వు గా ఇంటి కోడలువా! మా పెద్దబిడ్డ పెండ్లికి మీ ఇంటియే గద కుండలు తెచ్చింది. ఇప్పుడు చిన్నదానికి వైశాఖంల పెట్టుకున్నం. కుండలు మీరే ఇయ్యాలె చెల్లె."

"ఇస్తం పటేలా. దానికేంది," అంది. కానీ ఆ మాట అంటూ తన ఎడమచేతి వేళ్ళ వైపు చూసుకుంది. అప్పుడు నాకు అర్థం కాలేదు.

అది మార్కెట్‌కు పసుపు వచ్చే కాలం. కిటికీలు మూసినా ఆ వాసన గదిలోకి వచ్చేది. కొత్త ద్రావణం డబ్బా తెరిచినప్పుడు దాని మీద మార్కర్‌తో తేదీ రాయాలి. ఒకరోజు మిషన్ మీదికి ఎక్కించడానికి ఇంకా సమయం ఉంటే, టెక్నీషియన్ ఒక ఖాళీ డబ్బా, మార్కర్ ఆమె మంచం దగ్గరే మరిచిపోయి పోయాడు. నేను బీపీ మిషన్ తీసుకుని వచ్చేసరికి ఆమె డబ్బాను ఒళ్ళో పెట్టుకుని తీగ గీస్తోంది. చూడకుండా గీస్తున్నట్టు, అంత ఒడుపుగా. డబ్బా తిరుగుతుంటే తీగ దానంతట అది వస్తున్నట్టుంది. నేను ఆ తీగనే చూస్తున్నాను కానీ చేతిని చూడలేదు. నా నీడ పడగానే ఆమె ఉలిక్కిపడి మార్కర్‌ను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చింది. తీగ అక్కడితో చచ్చిపోయింది. కుడిచేత్తో గీసిన వంకర గీతలు చూసి, ఏం చేయాలో తెలియక, ఆమే నవ్వేసింది.

"నువ్వు ఎడమ చేత్తోని గీస్తవా?" అన్నాను.

"మెల్లగ సిస్టరమ్మా. బయట మా అత్తున్నది."

ఆ రోజు మిషన్ చప్పుడు చాటున చెప్పింది. చిన్నప్పుడు ఎడమచేత్తో తింటే తల్లి ఆ చేయి మీద వేడి అట్లకాడతో వాత పెట్టింది. బడిలో సారు దాని మీదే బెత్తంతో కొట్టాడు. దాంతో తినడం, రాయడం కుడిచేతికి వచ్చాయి. బొమ్మ గీయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. నేర్పలేదు కాబట్టి మార్చడానికీ ఎవరూ రాలేదు, అది ఎడమచేతిలోనే ఉండిపోయింది. అత్తగారింటికి వచ్చాక కుండలకు రంగు వేయమంటే కుడిచేత్తో వేసింది. "కోడి నడిచినట్టున్నది" అంది అత్త. ఒకనాడు ఎవరూ లేరనుకుని ఎడమచేత్తో వేసింది. అత్త వచ్చి వెనక నిలబడి చూసి, పోయి తలుపు గొళ్ళెం పెట్టింది.

"గా దినం నుంచి గొళ్ళెమే సిస్టరమ్మా. పెండ్లి కుండ ఎడమ చేత్తోని ఏసినమంటె మా ఇంటి మొకం ఎవలు సూస్తరు? ఆర్మూర్ల పదిహేనేండ్ల సంది అయిన పెండ్లిలన్ని నా ఎడమ చెయ్యి మీదికెంచే అయినయ్. ఎవలకన్న చెప్పేవు, నీకు దండం వెడ్త."

నేను చెప్పనన్నాను. ఆ తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. ఫిస్టులా పెట్టినప్పటి నుంచి ఆ చేతి వేళ్ళు చల్లబడుతున్నాయి. కుంచె పట్టుకుంటే ఒక్కోసారి పట్టుకున్నట్టు తెలియడం లేదు. ఆమె కుంచె అంటే ఈత పుల్ల, కొస నమిలి మెత్తగా చేసుకున్నది. ఆ పుల్ల వేళ్ళలోంచి జారిపోతుంటే చూసుకుని తెలుసుకోవాల్సి వస్తోంది.

ముట్టి చూశాను. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. కుడిచేయి వెచ్చగా ఉంది, ఎడమ చేయి కుండలో నీళ్ళంత చల్లగా ఉంది. చేతికి పోవాల్సిన రక్తాన్ని ఒక్కోసారి ఫిస్టులాయే లాగేసుకుంటుంది. కొందరికి దానంతట అదే సర్దుకుంటుంది. కొందరికి సర్దుకోదు. అలాగే వదిలేస్తే వేళ్ళలో స్పర్శ తిరిగి రాకపోవచ్చు. నేను డ్యూటీ డాక్టర్‌కు చెప్పాను. వెచ్చగా ఉంచమన్నారు. తర్వాతిసారి ఆమె వచ్చినప్పుడు టెక్నీషియన్ తన భార్య అల్లిన ఉన్ని సాక్సు ఒకటి తెచ్చి ఆమె చేతికి తొడిగాడు.

"కాలిది చెయ్యికి తొడిగితివి. తప్పుగాదా?" అంది ఆమె.

"పటేల్‌ను అడుగు. గాయన పంచాంగంల ఉంటది," అన్నాడు.

సాక్సు వల్ల గది నవ్వింది, వేళ్ళు మాత్రం వేడెక్కలేదు. వారాలు గడిచేకొద్దీ మిషన్ మీద ఉన్నంతసేపూ ఆమె ఆ చేతినే చూసుకునేది. వైశాఖం దగ్గరపడుతోందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. పటేల్ వచ్చినప్పుడల్లా కుండల మీద చిలుకలుండాలి, ఏనుగులుండాలి అని చెబుతూనే ఉన్నాడు.

నిజామాబాద్ నుంచి రక్తనాళాల సర్జన్ అప్పుడప్పుడు వచ్చి మా రోగుల చేతులు చూసి పోయేవారు. ఆయన రావాల్సిన రోజు ఆమెను ఇంకా మిషన్ ఎక్కించకుండా, ముందే మాట్లాడి తయారు చేశాను. "చెయ్యి సంగతి నువ్వే చెప్పాలె బిడ్డా. నేను చెప్పనని నీకు మాటిచ్చిన" అన్నాను. తల ఊపింది. సర్జన్ వచ్చేసరికి అత్త కూడా బీడీ ఆకు పక్కన పెట్టి లోపలికొచ్చి నిలబడింది. అప్పుడు ఆమె నోరు మూతపడింది.

డాక్టరు మంచి మనిషి. తొందరపడకుండా చూశారు. వేళ్ళు నొక్కారు, రెండు చేతులూ పోల్చారు.

"రక్తం తగ్గుతోంది. దీనికి రెండు దారులున్నాయి," అన్నారు. "ఇది మూసేసి కుడిచేతికి కొత్తగా పెట్టొచ్చు. కానీ ఒక్కో చేతిలో ఫిస్టులాకు పనికొచ్చే చోట్లు కొన్నే ఉంటాయమ్మా. నువ్వు చాలా ఏళ్ళు డయాలసిస్ మీద ఉండాలి. బాగా నడుస్తున్న ఒక చోటును ఇప్పుడే వదులుకుంటే రేపు ఇబ్బంది. నువ్వు కుడిచేతివాటం మనిషివి. పని చేసే చెయ్యి బాగానే ఉంది. ఎడమచేతి వేళ్ళు కాస్త మొద్దుబారినా నీకు నడుస్తుంది. నా సలహా అయితే ఇలాగే వదిలేద్దాం."

వైద్యపరంగా చూస్తే ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆయనకు చెప్పిందాన్ని బట్టి ఆయన చెప్పారు. ఆమె తల వంచుకుని సాక్సు వైపు చూస్తోంది. పక్క మంచం మీద పటేల్ మిషన్ మీదే ఉండి, చెవులు ఇటే పెట్టి పడుకున్నాడు. డాక్టరు కాగితం మీద రాయబోతున్నారు. నేను ఇచ్చిన మాట దాటకుండా ఎంతవరకు పోవచ్చో అంతవరకు పోయాను.

"సార్, ఒక్కమాట. ఆమె ఏ చేత్తో ఏం పని చేస్తుందో అడగలేదు."

"అడిగాం కదా. కుడి అని రాసుంది."

"తినేది రాసుంది సార్."

ఆయన కలం ఆపి ఆమె వైపు తిరిగారు. "ఏం పని చేస్తావమ్మా నువ్వు?"

"అన్ని కుడి చేత్తోనే జేస్తది సారు," అంది అత్త.

ఆమె అత్తను చూసింది. పటేల్‌ను చూసింది. తర్వాత టెక్నీషియన్‌తో, "అన్నా, గా డబ్బా జర ఇటియ్యవా. మార్కర్ గూడ" అంది. ఎందుకని ఎప్పుడూ వంద ప్రశ్నలు వేసేవాడు, ఆ రోజు వెంటనే తెచ్చి ఇచ్చాడు. సాక్సు పళ్ళతో లాగేసింది. మార్కర్‌ను ఎడమచేత్తో పట్టుకుంది. రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది. డబ్బా మీద చిలుక గీసింది. గీత వణికింది. ముక్కు దగ్గర తెగిపోయింది. అయినా అది చిలుక అని దూరం నుంచి కూడా తెలుస్తోంది. తర్వాత మార్కర్‌ను కుడిచేతికి మార్చి పక్కనే ఇంకో చిలుక గీయబోయింది. దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"పెండ్లి కుండలకు బొమ్మలేస్త సారు," అంది. "గీ చెయ్యితోనే ఏస్త. ఎప్పుడు గీ చెయ్యే."

అత్త మంచం పక్కన నేల మీద కూలబడింది. "అయ్యో, నా ఇల్లు ముంచితివి గదనే. పటేల్ ముందట్నే చెప్పితివి!"

డాక్టరుకు ఆ ఏడుపు ఎందుకో అర్థం కాలేదు. ఆయన డబ్బానే చూస్తున్నారు. దాన్ని చేతిలోకి తీసుకుని, "కుడిచేతికి మారిస్తే ఒక చోటు పోతుందని చెప్పాను కదమ్మా. తర్వాత ఎప్పుడైనా కష్టం కావచ్చు. ఆలోచించుకున్నావా?" అన్నారు.

"ఊకె పండుకొని బతికేటందుకైతె గిన్ని సూదులెందుకు సారు?"

ఇంట్లోవాళ్ళను కూడా అడగాలి అన్నారు డాక్టరు. అత్త కొంగుతో ముక్కు తుడుచుకుంటూ గల్ఫ్‌లోని కొడుక్కి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. అక్కడ ఏదో యంత్రం మోత. సంగతి విని, "చెయ్యి దానిదాయె, నన్నడుగుతరేందే అమ్మా?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "గా గొళ్ళెం ముచ్చట నాకెప్పుడో ఎరుకే."

డాక్టరు కుడిచేతికి ఆపరేషన్ రాసి, అది సిద్ధమయ్యాక ఎడమది మూసేద్దామని చెప్పి, వేరే మంచం వైపు వెళ్ళారు. పటేల్ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. ఆయన మిషన్ దిగే వేళ దాకా నోరు తెరవలేదు. టెక్నీషియన్ రెండుసార్లు కదిలించి చూసి వదిలేశాడు. సూదులు తీసి, దూది అదిమి పట్టుకున్నాక ఆయన మెల్లగా పిలిచాడు.

"చెల్లె."

"ఆ, పటేలా."

"మా పెద్దబిడ్డ కుండలు ఏసింది నువ్వా, మీ అత్తనా?"

"నేనే పటేలా."

"గీ చెయ్యితోనేనా?"

"ఔ."

దూది అదిమిన తన చేతిని తిప్పి చూసుకున్నాడు. "మా పెద్దల్లుడు తాగడు," అన్నాడు చివరికి. "పసుపు అమ్మొచ్చిన్నాడు గూడ సక్కగ ఇంటికే వస్తడు. మా బిడ్డను ఇప్పటిదాంక ఒక్క మాటనలేదు. మా తమ్ముని బిడ్డకు వేరే ఊరికెంచి తెచ్చినం కుండలు. కుడి చేత్తోనే ఏసి ఉంటరు. గా అల్లుడైతె..." ఆ అల్లుడి గురించి ఆయన అన్నది ఇక్కడ రాయను. "మా చిన్నదానికి గూడ గదే చెయ్యితోని ఏయ్. వేరే చెయ్యి పెట్టకు."

నేల మీద కూర్చున్న అత్త తల ఎత్తింది. "అయితె కుండలు ఖాయమేనా పటేలా?"

"ఖాయమే. ఏనుగులు మరువకుండ్రి."

టెక్నీషియన్ వెనక్కి తిరిగి ఏదో పని ఉన్నట్టు సూదులు సర్దుకున్నాడు. అతని భుజాలు ఊగుతున్నాయి. నవ్వుకుంటున్నాడనుకున్నాను. ఇటు తిరిగాక చూస్తే, పూర్తిగా నవ్వు కాదు.

కుడిచేతి ఫిస్టులా మా అదృష్టం కొద్దీ బాగా పండింది. మేము పండడం అనే అంటాం. చైత్రంలో ఎడమది మూసేశారు. ఆ మధ్యాహ్నమే వేళ్ళు గులాబీ రంగులోకి తిరిగాయని ఆమె ఫోన్ చేసి చెప్పింది. స్పర్శ పూర్తిగా వెనక్కి రాలేదు. చిటికెనవేలు ఆమె పోయేదాకా మొద్దుగానే ఉండిపోయింది. "గా వేలు పట్టేదేమున్నది, ఊకె అలంకారానికే గద" అనేది.

ఇంకో మేలు జరిగింది, దాన్ని మేమెవరం ముందుగా ఊహించలేదు. కుడిచేయి మిషన్‌కు కట్టి ఉంటే, ఎడమచేయి నాలుగు గంటలూ ఖాళీ. గదిలోకి మట్టి, సున్నం రానివ్వడానికి లేదు. కాబట్టి కడిగి ఆరబెట్టిన ఖాళీ డబ్బాలు ఇచ్చాం. చేయి మళ్ళీ అలవాటు పడాలని మొదలుపెట్టింది, తర్వాత ఆగలేదు. రోగులు ఆ డబ్బాలను ఎప్పుడూ నీళ్ళకని ఇంటికి పట్టుకుపోయేవాళ్ళే. ఇప్పుడు ఎవరి డబ్బా మీద ఏ బొమ్మ కావాలో చెప్పి వేయించుకోవడం మొదలైంది. పటేల్ తన డబ్బా మీద పసుపు చెట్టు వేయించుకున్నాడు.

"గిది పసుపాకా? చామాకు లెక్కున్నది," అన్నాడు.

"నీకు పసుపాకు కనపడాల్నంటె నీళ్ళు తక్కువ తాగు పటేలా. కండ్లు వాసినయ్," అంది.

ఆ మొదటి డబ్బా, తీగ సగంలో చచ్చిపోయినది, నేను తెచ్చుకున్నాను.

ఆ తర్వాత ఆమె ఆరేళ్ళు బతికింది. చివరికి పోయింది గుండె వల్ల. ఆ రోజు వదులుకున్న చోటు వల్ల కాదని డాక్టరు నాతో చెప్పారు. నేను అడగకుండానే చెప్పారు కాబట్టి ఆయన కూడా దాని గురించి ఆలోచించి ఉంటారు. ఆ చోటు ఉంచుకుంటే ఇంకెన్నాళ్ళు బతికేదో నాకు లెక్క తెలియదు. ఆ ఆరేళ్ళలో మా చుట్టుపక్కల జరిగిన పెండ్లిళ్ళలో చాలావాటికి నేను భోజనానికి పోయాను. ఎవరింటికి పోయినా ముందు కుండలు చూసేదాన్ని.

కొత్తగా చేరిన అమ్మాయిలూ, మీకు చెప్పాల్సింది ఇంతే. ఏ చేత్తో తింటారని అడగకండి. మీ చేతులు రోజంతా ఏం చేస్తాయని అడగండి. అడిగేటప్పుడు ఇంటివాళ్ళను కాసేపు బయట కూర్చోబెట్టండి. మాట చెప్పలేకపోతే చేతికి ఒక మార్కర్ ఇవ్వండి.

ఇక వైశాఖం. పటేల్ చిన్నకూతురి పెండ్లికి నన్ను, టెక్నీషియన్‌ను పిలిచారు. కుండలు తేవడానికి బాజాలతో పోయే గుంపులో మేమూ ఉన్నాం. పటేల్ అంత దూరం నడవలేడు కాబట్టి ఆటోలో ముందే వచ్చాడు. మేము పోయేసరికి పని ఇంకా కాలేదు. అంతకు ముందు రోజు డయాలసిస్ అయ్యేసరికి ఆమె నీరసపడి లేవలేకపోయిందట. ఆఖరి కుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏనుగుకు తొండం వేయాలి. వాకిట్లో బాజాలు, జనం. అత్త అలవాటు కొద్దీ పరుగున వచ్చి తలుపు రెక్క పట్టుకుంది.

గడప మీద పటేల్ కూర్చుని ఉన్నాడు.

"జరుగు పటేలా. తలుపెయ్యాలె."

"ఎందుకవ్వా? జర గాలి రానియ్యి. నాకు ఆయాసం," అన్నాడు. కదల్లేదు.

అత్త ఆయనను చూసింది, లోపల కోడలిని చూసింది. తలుపు రెక్క వదిలేసింది. ఆయన భుజాల మీదుగా ఆడవాళ్ళందరూ లోపలికి తొంగిచూశారు. ఆమె మా వైపు చూడలేదు. ఈత పుల్ల జాజులో ముంచి, ఎడమచేత్తో తొండం గీత మొదలుపెట్టింది. బాజాలవాళ్ళు కూడా ఆపి చూస్తున్నారు.

"అగో, ఎడమ చేత్తోని ఏస్తున్నదే!" అంది గుంపులోంచి ఒకామె.

అత్త నడుం మీద చేయి పెట్టుకుని ఇటు తిరిగింది. ఇలాంటి మాటకు ఆమె పదిహేనేళ్ళుగా భయపడుతూ వచ్చింది. జవాబు చెప్పడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదు.

"మరి? కుడి చెయ్యికి దవాఖానల కొలువైంది. గది రక్తం కడుగుతది. ఇంటి పని ఇగ ఎడమ చెయ్యే సూస్కుంటది. నీకేమన్న తక్లీఫా?"

ఆమెకు ఏ తక్లీఫూ లేదు. ఏనుగుకు తొండం వచ్చింది, పైకి ఎత్తినట్టు. బాజాలు మళ్ళీ మొదలయ్యాయి.